డోర్ ప్యాడ్ వెనక తగాదా

పాత కారున్న ఇంట్లో మామూలుగా రెండు పార్టీలుంటాయి. అమ్మేద్దామనేది ఒకటి, ఉంచుకుందామనేది ఇంకొకటి. మా బంధువుల ఇళ్లలో ఒకచోట ఆ తగాదా ఏనాడో తీరిపోయింది. 2009 మోడల్ మారుతి 800ని అమ్మే ఉద్దేశం అక్కడ ఎవరికీ లేదు. ఇప్పుడు నడుస్తున్నది వేరే తగాదా: దాని మీద చెయ్యి ఎవరు వెయ్యాలి?

బావ మదనపల్లెలో ఆటో ఎలక్ట్రీషియన్. టమోటా బండ్లకు లైట్లు, హారన్లు, పాటల సెట్లు బిగిస్తాడు. బామ్మర్దికి కుప్పంలో ఉద్యోగం. శనివారం సాయంత్రం వి.కోట, పలమనేరు, పుంగనూరు మీదుగా ఇల్లు చేరతాడు. దారి పొడుగునా పాటలు ఉండాలి. కారు అతనిదే. స్పీకర్లు తానే మార్చుకుంటానని డోర్లు విప్పాడు. ఇద్దరి మాటల్లో తిట్లు తీసేసి మిగిలింది ఇక్కడ పెడుతున్నాను. ఉండబట్టలేక ఒకటి రెండు చోట్ల నేనూ నోరు పెట్టాను.

బావ: ఎడమ డోర్ ప్యాడ్ ఊడబీకి వరండాలో ఆనించినావే, ఏం జరుగుతా ఉండాది?

బామ్మర్ది: స్పీకరు మారుస్తా ఉండా బావా. గరగర. సన్నటి పాటయితే బాగనే ఉంటుంది, డోలు దెబ్బ పడిందంటే గొంతు చిరిగిపోతుంది.

బావ: షాపుకు తోలుకొచ్చుంటే సరిపోయేది కదా? మీ అక్క చేత ఒక ఫోన్ చేయించినా పిల్లోణ్ణి పంపేవాణ్ణి.

బామ్మర్ది: సీజన్లో మీ షాపు ముందర టాటా ఏసులు, బొలేరోలు రోడ్డు దాకా నిలబడుంటాయి. రాత్రికి చెన్నై పోవాల్సిన డ్రైవరు పాటల్లేకుంటే కునుకు తీస్తాడు, వాని పని ముందు చెయ్యాల్సిందే. నా 800 ఆ వరసలో ఎప్పుడూ కడాకే. దానికి నాకేం బాధ లేదు. ఇంత చిన్న పనికి ఆదివారమంతా మీ బెంచీ మీద కూర్చోవడమెందుకని నేనే మొదలుపెట్టినా.

బావ: చిన్న పనా! సరే. గ్లాసు హ్యాండిలు ఎట్ల తీసినావు? స్క్రూడ్రైవర్ పెట్టి తన్నినావా?

బామ్మర్ది: అంత మొరటోణ్ణా? హ్యాండిలు వెనక లాడం ఆకారంలో తీగ క్లిప్పు ఉంటుంది కదా. సందులో పాత బనియన్ గుడ్డ దూర్చి అటూ ఇటూ గుంజినా. క్లిప్పు ఎగిరి ఒళ్లో పడింది. ప్యాడ్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ క్లిప్పుల్లో కొన్ని మాత్రం విరిగినాయి. ఎండకు గట్టిపడిపోయినాయి, ఎవరు తీసినా విరుగుతాయి.

బావ: తీర్పు కూడా నువ్వే చెప్పుకుంటివి. క్లిప్పు పక్కనే చెయ్యి పెట్టి లాగాల. మూల పట్టుకోని ఊపితే విరక్క ఏం చేస్తాయి? ఇదే మా పిల్లోడు విరగ్గొడితే నువ్వు ఊరుకుంటావా?

బామ్మర్ది: ఊరుకోను. డబ్బులిచ్చినాక ఎందుకు ఊరుకుంటా? నా చేతిలో విరిగితే నన్ను నేనే తిట్టుకుంటా. సొంతంగా చేసుకోవడంలో ఉండే సుఖం అదే బావా.

బావ: పోనీలే. పోయింది స్పీకరే అని ఎట్ల తెలుసు? సెట్టు కావచ్చు, వైరు కావచ్చు. డోరు మడత కాడ రబ్బరు గొట్టంలో వైరు తెగిందంటే డోరు తీస్తే పాట, వేస్తే మౌనం. అట్లాంటి బండ్లు ఎన్ని చూసింటా.

బామ్మర్ది: అడుగుతావనే అన్నీ చూసి పెట్టినా. బ్యాలెన్స్ ఎడమకు తిప్పితే గరగర, కుడికి తిప్పితే శుభ్రం. కుడి స్పీకరు విప్పి తెచ్చి ఎడమ వైర్లకు తగిలించి చూసినా, బాగనే పాడింది. అంటే సెట్టూ వైరూ మంచివే. ఎడమదానికి మల్టీమీటరు పెడితే 3.5 ఓములు చూపించింది. 4 ఓముల స్పీకరుకు దాపుగా అంతే రావాల, కాబట్టి కాయిల్ తెగలేదు. గోడ గడియారం సెల్లు తీసి టెర్మినళ్లకు తాకిస్తే టిక్కుమనింది గానీ కోను ఒక పక్కకు ఒరిగి రాసుకుంటా కదిలింది. పేపరు ఉబ్బింది. అంచు చుట్టూ ఉండే స్పాంజి పట్టీ తాకితే పొడి రాలింది.

బావ: ఇది బాగ చేసినావు. నిజం చెప్తా, మా షాపులో పిల్లోళ్లు ఇంత చూడరు. గరగర అంటే కొత్త స్పీకరు, అంతే.

బామ్మర్ది: నేననేదీ అదే కదా!

బావ: ఆగు, సంబరపడొద్దు. ఎడమ స్పీకరు ఎందుకు చచ్చిందో చెప్పు.

బామ్మర్ది: పాతదయింది.

బావ: మరి కుడిది? కంపెనీ వాడు ఈ బండికి సెట్టే ఇయ్యలేదు. కొన్న వారంలో నేనే డోర్లు కోసి రెండూ ఒకే పెట్టెలోంచి తీసి పెట్టినా. ఒకటి చచ్చి ఒకటి పాడుతుండాదంటే కారణం వయసు కాదు. ఏది పోయిందో కనుక్కున్నావు, ఎందుకు పోయిందో కనుక్కోలే. కొత్తది పెట్టి మూస్తే రెండు వానలకు అదీ ఉబ్బుతుంది.

(ఈ సంవాదమంతటిలో నాకు అన్నిటికన్నా నచ్చిన ప్రశ్న ఇది. బామ్మర్ది పరీక్షల్లో తప్పు లేదు. ఆ వరస ఏ చదువుకున్నవాడైనా పాటించగలడు. ఒకే వయసున్న రెండు వస్తువుల్లో ఒకటే ఎందుకు పోయిందని అడగడం మాత్రం వందల బండ్లు విప్పినవాడికే తోస్తుంది.)

బామ్మర్ది: ఉండు, ప్యాడ్ వెనక అట్ట చూస్తా. అవును బావా, కింద జానెడు మేర ఉబ్బి నల్లబడింది. ఇనుము మీద తుప్పు చారలు కూడా ఉండాయి. వాన నీళ్లు లోపలికి వస్తుండాయి. అద్దం పక్క రబ్బరు పోయిందేమో.

బావ: రబ్బరు కొత్తదయినా డోరులోకి నీళ్లు దిగుతాయి. దిగాల కూడా. అద్దం వెంబడి దిగిన నీళ్లు డోరు లోపలే జారి, అడుగున ఉండే కన్నాల్లోంచి రోడ్డు మీద పడాల. దాన్ని చేసిన పద్ధతే అది. నీళ్లు ప్యాడ్ వైపుకు రాకుండా ఇనుముకూ ప్యాడ్‌కూ మధ్య ఒక ప్లాస్టిక్ షీట్ అతికించి ఉంటుంది. నీ డోరులో ఆ షీట్ యాడుంది?

బామ్మర్ది: లేదే. కుడి డోరులో ఉండాది. దీంట్లో మూలల్లో నల్ల జిగురు మాత్రం మిగిలింది. ఎవరో చింపేసినారు.

బావ: చూస్తివా? తెలిసీ తెలియని చెయ్యి పడితే ఇట్లనే…

బామ్మర్ది: బావా, పోయినేడు ఈ పక్క గ్లాసు మెషీన్ మార్చింది ఎక్కడ?

బావ: …

బామ్మర్ది: మీ షాపులోనే కదా?

బావ: పిల్లోడు చేసింటాడు. ఆ పొద్దు నేను తిరుపతికి పోయింటి.

బామ్మర్ది: ఎవరు చేస్తేనేం. ప్యాడ్ మూసేస్తే కనపడని వస్తువది. కనపడనిదాన్ని కూలికి చేసేవాడు ఎందుకు పట్టించుకుంటాడు? నాకయితే వానొచ్చిన ప్రతిసారీ అది గుర్తుంటుంది. ఇంగ చెప్పు, ఈ డోరు మీద చెయ్యి ఎవరిది పడాల?

బావ: తప్పు మాదే, కాదన్లే. కానీ ఆ పొద్దు నువ్వేమన్నావో అదీ చెప్పు. "అర్ధగంటలో ఇచ్చెయ్యండి, కుప్పం పోవాల" అంటివి. ఆ షీట్‌ను వేడి తగిలించి మెల్లగ ఒలవాల, మళ్లీ జిగురు పట్టించి అతికించాల. నువ్విచ్చిన కూలిలో మెషీన్ మార్చే టయం ఉండాది, షీట్ ఒలిచే టయం లేదు. అర్ధగంట అడిగితివి, అర్ధగంట పనే దొరికింది.

బామ్మర్ది: సరే, ఇప్పుడేం చేద్దాం? టమోటా తోటల్లో పరిచే మల్చింగ్ షీట్ ముక్క ఉండాది.

బావ: అది మరీ పల్చన, డోరు గట్టిగా వేస్తే చినుగుతుంది. యూరియా బస్తా లోపలి కవరు కడిగి ఆరబెట్టు. అతికించేటప్పుడు కింద అంచు ఇనుము లోపలికి దోపాల, బయటికి వేలాడితే నీళ్లు మళ్లీ ప్యాడ్ మీదికే వస్తాయి. స్పీకరు పైన ఒక ముక్క వంచి అతికించు, కోను మీద బొట్టు పడకుండా. వీటన్నిటికన్నా ముందు డోరు అడుగు కన్నాల్లో తీగ దూర్చి మట్టి తియ్యి. అవి మూసుకుంటే నీళ్లు లోపలే నిలిచి కింద అంచు తిని పారేస్తాయి. 800 డోరుకు తుప్పు మొదలయ్యేది అడుగునుంచే.

బామ్మర్ది: ఇవన్నీ నేను చేసుకుంటా. నువ్వు కూర్చోని చూడు.

బావ: చూస్తానే ఉండా. ఆ కుడి డోరులో కొత్త స్పీకరు బిగించేసినావే, వైర్లు… ఒరే! నల్లగీత వైరును బాడీకి ఎందుకు బిగిస్తివి?

బామ్మర్ది: మైనస్ కదా. మైనస్ అంటే బాడీ. లైట్లకూ హారనుకూ అంతే కదా? వైరు పొట్టిగా ఉండింది, పక్కనే స్క్రూ కనపడింది.

బావ: సెట్టు ఆన్ చేసినావా?

బామ్మర్ది: ఇంకా లేదు.

బావ: బతికిపోతివి. క్యాసెట్ల కాలంలో కొన్ని సెట్లకు అది చెల్లింది. ఇప్పటి సెట్లలో స్పీకరుకు పోయే రెండు వైర్లలోనూ కరెంటు ఉంటుంది. ఒకటి తోస్తే ఇంకొకటి లాగుతుంది. సెట్టు ఆన్ చేసి ఏ వైరునైనా బాడీతో కలిపి మీటరు పెట్టి చూడు, బ్యాటరీ వోల్టేజిలో దాపుగా సగం చూపిస్తుంది. దాన్ని తీసుకపోయి బాడీకి తాకిస్తే లోపలుండే ఆంప్లిఫయర్ ఐసీ వేడెక్కుతుంది. మంచి ఐసీ అయితే తనంతట తానే ఆగిపోయి బతుకుతుంది, చవకదయితే కాలిపోతుంది. అప్పుడు మల్టీమీటరు, సెల్లు, బనియన్ గుడ్డ అన్నీ ఒక మూలకు, నువ్వొక మూలకు.

బామ్మర్ది: ఈ మాట నేను చూసిన వీడియోలో లేదు.

బావ: వాని బండిలో వైరు పొట్టిగా ఉండుండదు. రంగులన్నా గుర్తుపెట్టుకో. తెలుపు ముందు ఎడమ, బూడిద ముందు కుడి, పచ్చ వెనక ఎడమ, ఊదా వెనక కుడి. వాటిలో నల్లగీత ఉండేది మైనస్. పసుపు వైరులో ఎప్పుడూ కరెంటుంటుంది, ఎరుపులో తాళం తిప్పితేనే. ఒట్టి నలుపు ఒక్కటే ఎర్తు. విడిగా కొనే సెట్లకు చాలామటుకు ఇదే లెక్క. స్పీకరుకు ప్లస్సు మైనస్సు తారుమారయితే ఏమీ కాలదు గానీ, ఒక కోను ముందుకు తోసేటప్పుడు ఇంకోటి వెనక్కి పోతుంది, బేస్ చచ్చిపోతుంది. జనం స్పీకరు బాగలేదని అమ్మినోణ్ణి తిడతారు. సెల్లు తాకించినప్పుడు కోను బయటికొస్తే, సెల్లు ప్లస్సు తాకిన కొనే స్పీకరు ప్లస్సు.

బామ్మర్ది: ఇంకొకటి బావా. యాక్సిలరేటరు తొక్కితే పాట వెనకాల సన్నగా ఈల వస్తుంది. ఇంజిన్ వేగం పెరిగే కొద్దీ ఈల కూడా పైకి పోతుంది. కొత్త స్పీకర్లతో అదీ పోతుందిలే అనుకుంటుండా.

బావ: పోదు. ఇంకా శుభ్రంగా వినపడుతుంది. అది డైనమో ఈల. ఎర్తు సరిగా లేకుంటే వస్తుంది. బానెట్ ఎత్తు. బ్యాటరీ టెర్మినల్ మీద తెల్లగా పచ్చగా పొడి చూడు. ఇంజిన్‌కూ బాడీకీ మధ్య ఎర్తు పట్టీ ఉంటుంది, దాని బోల్టు యాడుందో తుప్పులో వెతుక్కోవాల. పొద్దున్నే సెల్ఫ్ బద్ధకంగా తిరుగుతుంది కదా? హెడ్‌లైట్లు ఎర్రగా వెలుగుతాయి కదా?

బామ్మర్ది: అవును. బ్యాటరీ పోయిందేమోనని కొత్తదానికి రేటు కూడా కనుక్కున్నా.

బావ: మీటరు పెట్టు. ఇంజిన్ ఆపి కొలిస్తే 12.6 వోల్టులు, నడుస్తుండగా 14 దాపున. బ్యాటరీ బాగుండాది, డైనమో బాగుండాది. మధ్యలో దారి బాగలేదు. వేడి నీళ్లలో వంట సోడా కలిపి ఆ పొడి కడుగు, ఆరినాక గరుకు కాగితంతో రుద్ది బిగించి, పైన వ్యాజిలీన్ పూయి. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ కడాకు. ప్లస్సు ముందు విప్పబోయి పానా బాడీకి తగిలిందంటే నిప్పురవ్వలే.

(ఇక్కడ ఫ్యూజుల గురించి ఒక పెద్ద ఉపన్యాసం నడిచింది, క్లుప్తంగా చెబుతాను. ఎరుపు ఫ్యూజు 10 ఆంపియర్లు, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. 10 కాలిపోయిందని 30 పెట్టేవాళ్లు, రాగి తీగ చుట్టేవాళ్లు మన ఊళ్లలో కోకొల్లలు. అప్పుడు ఫ్యూజు కాలదు, దానికి బదులు డ్యాష్‌బోర్డు వెనక వైరింగ్ కాలుతుంది. ఈ ఒక్క విషయంలో బావా బామ్మర్దులు పోట్లాడుకోలేదు.)

బామ్మర్ది: ఇప్పుడు ఒప్పుకుంటావా లేదా? స్పీకరు, షీట్, టెర్మినల్, ఎర్తు, ఫ్యూజు, వైపర్ బ్లేడు, ఎయిర్ ఫిల్టరు, బల్బు. ఇవన్నీ ఇంటికాడ చేసుకునే పనులే.

బావ: బల్బు అంటే గుర్తొచ్చింది. మీవాళ్లే కదా 60/55 వాట్ల హెచ్4 తీసేసి 100/90 పెట్టమని అడిగేది? హార్స్లీ హిల్స్ ఘాట్‌లో వెలుతురు చాలదని. కంపెనీ వైరింగు అంత కరెంటు మోయలేదు, హోల్డరు కరుగుతుంది. ఎదురొచ్చేవాని కండ్లు పోతాయి, చట్టమూ ఒప్పుకోదు. అద్దం మసకబారిందేమో చూసి తుడిచి, ఎర్తు బాగు చేసినా సగం చీకటి పోతుంది. సరే, నీ స్పీకర్లు యాడ కొన్నావు?

బామ్మర్ది: బెంగళూరు పోయినప్పుడు, జేసీ రోడ్డులో.

బావ: అదీ విషయం. సామాను జేసీ రోడ్డులో కొంటావు, అందులో నాకు మిగిలేది పోయింది. నువ్వే బిగించుకుంటావు, కూలీ పోయింది. తప్పయితే మాత్రం నా కాడికే తెస్తావు. అప్పుడు అది నీ సామానా, నా పనా, ఎవరి పూచీ? టమోటా బండ్లు లేకుంటే నీలాంటోళ్లతో నా షాపు నడిచేనా?

బామ్మర్ది: మీరు మాత్రం తక్కువా? ఏది పోయిందో చూడకుండానే మార్చేస్తారు. "సెట్టు మార్చాలన్నా, బ్యాటరీ మార్చాలన్నా." ఆ భయంతోనే మాలాంటోళ్లు పానా పట్టుకుంటారు.

బావ: ఎందుకు మారుస్తామో తెలుసా? ఇప్పుడు నీ బానెట్ ఎత్తి, మీటరు చూసి, బ్యాటరీ పోలేదు ఎర్తు పోయింది అని చెప్తిని. దానికి ఏమిస్తావు?

బామ్మర్ది: నువ్వు బావవి కదా…

బావ: బయటోడయినా ఇదే. "ఏమీ మార్చలేదు కదన్నా, దేనికి డబ్బులు?" అంటాడు. జాస్తి అంటే ఒక టీ ఇప్పిస్తాడు. అదే కొత్త బ్యాటరీ అంటగట్టుంటే మారుమాట లేకుండా నోట్లు లెక్కపెట్టేవాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పినోనికి టీ, అబద్ధమాడినోనికి నోట్లు. ఇంగ పిల్లోళ్లు ఏది నేర్చుకుంటారు?

బామ్మర్ది: ఈ మాట నేనెప్పుడూ ఆలోచించలే.

బావ: ఆలోచించు. సామాను నీ ఇష్టమొచ్చిన కాడ కొనుక్కో. నట్టు నువ్వే బిగించుకో. కానీ చూసినందుకు ఇయ్యి.

బామ్మర్ది: డాక్టరు మందు రాయకపోయినా ఫీజు ఇస్తాం, నిజమే. అయినా నేర్చుకోవద్దని మాత్రం అనొద్దు. మన ఊళ్లో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి చిన్నప్పుడు ఏం చేసినాడో తెలుసా? వాళ్ల నాయన గడియారం ముక్కలు ముక్కలుగా విప్పేసి, మళ్లీ బిగించేదాకా బడికి పోనన్నాడంట, తిండి కూడా వద్దన్నాడంట. మేరీ లుటెన్స్ రాసిన ఆయన జీవిత చరిత్రలో ఉండాది. బళ్లో అయ్యవార్లు ఆ పిల్లోణ్ణి మొద్దు అనుకునేటోళ్లు. విప్పి చూడాలనే బుద్ధి ఈ గాలిలోనే ఉండాది బావా.

బావ: ఆయన విప్పింది గడియారం. ఆగిపోతే బడికి ఆలస్యమయ్యేది, అంతే కదా? రేపు నువ్వు బ్రేకులు విప్పుతానంటావు. వీడియో దానికీ ఉంటుంది. బ్రేక్ ఆయిలు సంగతి చెప్తా విను. డాట్ 3 ఆయిలు కొత్తదయితే 205 డిగ్రీల దాకా మరక్కుండా నిలుస్తుంది. అది తేమ పీల్చే రకం. పాతబడి నీళ్లు కలిస్తే 140 దాపుకే మరగొచ్చు. తిరుపతి పోతా భాకరాపేట ఘాట్‌లో బ్రేకు మీద కాలు తియ్యకుండా దిగినావంటే, గొట్టంలో ఆయిలు ఆవిరయి పెడలు నేలకు పోతుంది. నువ్వు ఆయిలు మార్చి, గాలి సరిగా తియ్యకపోయినా అదే కత. స్పీకరు తప్పు బిగిస్తే పాట ఆగుతుంది. బ్రేకు తప్పు బిగిస్తే బండి ఆగదు.

బామ్మర్ది: నేను బ్రేకుల జోలికి పోతానన్నానా?

బావ: ఇంకా అనలేదు. స్పీకరు బాగ పాడిందంటే వచ్చే నెల అంటావు. తప్పితే పాట ఆగే పనులన్నీ నువ్వు చేసుకో. తప్పితే బండి ఆగని పనులు, స్టీరింగు, బ్రేకులు, చక్రం బేరింగులు, అవి చేసే మెకానిక్ కాడికి తీసుకపో. నేను కూడా వాటిని ముట్టుకోను. జాకీ ఒక్కటే పెట్టి బండి కిందికి దూరడం మాత్రం ఏ పనికీ వద్దు. స్టాండు పెట్టు. అది లేకుంటే దూరొద్దు.

బామ్మర్ది: ఈ గీత నాకు సమ్మతమే. కష్టమా సులువా అని కాదు, తప్పితే ఏమవుతుందని గీత గీసినావు, బాగుండాది. ఒక్కటి అడుగుతా. నీ షాపులో పనికి నాలాంటోడు అడ్డమా, కొత్త బండ్లు అడ్డమా?

బావ: కొత్త బండ్లే, అందులో మాటేముంది. నీ 800లో సెట్టంటే నాలుగు స్క్రూలు, ఒక కప్లర్. కొత్త బండ్లలో పెద్ద స్క్రీను, దాంట్లోనే ఏసీ, వెనక కెమెరా, స్టీరింగు బటన్లు అన్నీ ముడిపెట్టినారు. స్పీకరు మార్చొచ్చు గానీ స్క్రీను పోతే నాకు చేతకాదు. కంపెనీ వాని ల్యాప్‌టాపు కావాల, వాని కోడు కావాల. నువ్వు నా కూలి ఎగ్గొడితే ఒక ఆదివారం పోయింది. వాడు తాళం వేసుకుంటే నీకూ లేదు, నాకూ లేదు.

బామ్మర్ది: రిపేరు హక్కని కేంద్రం 2022 డిసెంబరులో ఒక పోర్టల్ పెట్టింది బావా. ఫోన్లు, ఇంటి సామాన్లు, పొలం పనిముట్లతో పాటు కార్లు కూడా అందులో ఉండాయి. రిపేరు వివరాలు కంపెనీలు బయట పెట్టాలని.

బావ: పెట్టనీ, సంతోషమే. వివరాలతో పాటు ఆ కోడు కూడా నా చేతికొస్తే నమ్ముతా.

బామ్మర్ది: అందుకే ఈ బండిని వదల్లేదు. 800 అంటే మన పుంగనూరు ఆవు. చిన్నది, తక్కువ మేస్తుంది, ఏ కొట్టంలోనైనా కట్టేసుకోవచ్చు. 796 సీసీ, 37 గుర్రాలు, ఈ మోడలుకు నాలుగు గేర్లు. బీఎస్-4 నిబంధన వచ్చి 2010 ఏప్రిల్లో బెంగళూరు, చెన్నై, హైదరాబాదుతో కలిపి 13 నగరాల్లో అమ్మకం ఆపినారు. మనలాంటి ఊళ్లలో 2014లో తయారీ ఆగేదాకా అమ్మినారు. అందుకే మన చుట్టుపక్కల ఇన్ని కనపడతాయి. ఇంజిన్ సామాన్లకూ దిగుల్లేదు, ఓమ్నీ ఇదే ఇంజిన్‌తో 2019 దాకా వచ్చింది.

బావ: ఢిల్లీలో అయితే పదిహేనేళ్లు దాటిన ఇట్లాంటి పాత పెట్రోలు బండికి రోడ్డెక్కడమే తంటా. ఇక్కడ ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్ కొనసాగించుకోవచ్చు.

బామ్మర్ది: 2024లో చేయించినా కదా, ఐదేళ్లకు. 600 ఉన్న రెన్యువల్ ఫీజును 2022 ఏప్రిల్ నుంచి 5,000 చేసినారు. ఇరవై ఏళ్లు దాటిన కారుకు 2025 ఆగస్టు నుంచి 10,000. మళ్లీ 2029లో పోయేటప్పటికి నాది ఇరవై ఏళ్ల బండి.

బావ: అప్పటికి బాడీ మిగలాల కదా. గమ్మున ముందు ఆ కన్నాలు తియ్యి.

ఆ సాయంత్రం యూరియా కవరు ఎక్కింది, నల్లగీత వైరు బాడీ నుంచి ఊడి సెట్టు దాకా పొడుగయింది, ఎర్తు పట్టీ కింద ఇనుము మెరిసింది. ఈల పోయింది. తగాదా మాత్రం తెగలేదు. వచ్చే నెల కూలెంట్ తానే మారుస్తానని బామ్మర్ది అంటున్నాడు. ఇంజిన్ చల్లారకుండా రేడియేటర్ మూత తీస్తే మొహం కాలుతుందని బావ అంటున్నాడు. ఇద్దరూ నిజమే అంటున్నారు.

నా తీర్పు అడిగితే, డోరు విషయంలో నేను బామ్మర్ది పక్షం, కూలి విషయంలో బావ పక్షం. పాత కారున్న వాళ్లకు పానా పట్టుకోవడం వచ్చి తీరాలి; లేకపోతే చింపేసిన షీట్ సంగతి వాళ్లకు ఏనాటికీ తెలియదు. కానీ చిన్న ఊళ్లలో మెకానిక్ బిల్లులో సామానుంటుంది, చేతికూలి ఉంటుంది, చూపుకు మాత్రం గడి లేదు. మనం డబ్బివ్వని పనిని వాళ్లు మానేస్తున్నారు. మంచి బ్యాటరీలు మారడానికి, పోని సెట్లు పోయాయనిపించుకోవడానికి సగం కారణం మనమే. మదనపల్లె అయినా పుంగనూరయినా కుప్పమయినా, ఈసారి ఎలక్ట్రీషియన్ మీ బానెట్ ఎత్తి చూసి "ఏమీ పోలేదన్నా, వైరు లూజయింది" అని చేతులు తుడుచుకుంటే, టీతో సరిపెట్టకండి. చూసినందుకు ఎంత అని మీరే అడిగి ఇవ్వండి. వాళ్లు అడగరు.